వాన గోడ

ఆ బడిలో ఋతువులు ఆకాశాన్ని అడిగి రావు. పెద్దమేడంగారిని అడిగి వస్తాయి. ఆవిడ పొద్దున్నే మైకు ముందు నిలబడి "సోమవారం నుంచి వానాకాలం" అన్నారంటే ఇక తిరుగులేదు. బయట ఎండ పెళ్ళున కాస్తున్నా సరే, తరగతి గదుల్లో దూది మబ్బులు వేలాడాలి, నీలం కాగితం చినుకులు రాలాలి, పాత క్యాలెండర్లు కత్తిరించి చేసిన గొడుగులు విచ్చుకోవాలి. నిజం వానాకాలం తీరిగ్గా ఎప్పుడో వస్తుంది. దాన్ని చూడటానికి ఎవరూ రారు. గోడను చూడటానికి తల్లిదండ్రులు వస్తారు.

మూడో తరగతి గోడ నక్షత్రాల టీచరుది. ఆవిడకు అమ్మానాన్నా పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ అది జీతం రోజున తప్ప ఎవరికీ పనికిరాదు. సంచిలో ఎప్పుడూ బంగారు రంగు ప్లాస్టిక్ నక్షత్రాల పొట్లం ఉంటుంది. కూడిక సరిగ్గా చేస్తే ఒక నక్షత్రం, పెన్సిలు పోగొట్టుకోకుండా వారం గడిపితే ఒక నక్షత్రం, ఏడవకుండా సూది వేయించుకుంటే రెండు. "మా తరగతిలో ప్రతి పిల్లా నాకు నా అరచెయ్యంత బాగా తెలుసు" అని స్టాఫ్ రూములో అంటూ ఉంటుంది. అరచెయ్యి చూసుకుని ఎన్నాళ్ళయిందో మాత్రం ఎవరూ అడగలేదు.

ఇదివరకు గోడ పని సులువుగా సాగిపోయేది. టీచరు బోర్డు మీద అయిదు వాక్యాలు రాసేది. "వాన అంటే నాకు చాలా ఇష్టం. వాన వల్ల పంటలు పండుతాయి." పిల్లలు బుద్ధిగా దింపేసేవాళ్ళు. ఆ కాగితాలన్నీ గోడకెక్కేవి. పైన పెద్ద అక్షరాలతో "మా సొంత రచనలు" అని ఉండేది. వచ్చిన తల్లులు అదే వాక్యాన్ని ముప్పైసార్లు చదివి, తమ పిల్లల కాగితం దగ్గర మాత్రం ఆగి, "మావాడికి ఇన్ని ఊహలు ఎక్కడివో!" అని మురిసిపోయేవాళ్ళు.

ఈ ఏడాది పైనుంచి ఉత్తర్వు వచ్చింది. బోర్డు మీద ఏమీ రాయకూడదు, పిల్లలు సొంత మాటల్లోనే రాయాలి. టీచరు బోర్డు శుభ్రంగా తుడిచేసి, చేతులు కట్టుకుని నిలబడింది. పిల్లలు కూడా చేతులు కట్టుకుని ఖాళీ బోర్డు వంక చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి ముందు బెంచీ పిల్లాడు చెయ్యెత్తాడు.

"టీచర్, సొంత మాటలు బోర్డు మీద ఎప్పుడు రాస్తారు?"

మొత్తానికి రాశారు. సోమవారం భోజనాల వేళ టీచరు ఆ కాగితాలు ముందేసుకుంది. కుడిచేత్తో ముద్ద, ఎడం చేత్తో నక్షత్రం. పక్కన కూర్చున్న రెండో తరగతి టీచరు తన ఆడపడుచు కొత్తగా కొన్న బట్టలుతికే మిషను ఇల్లంతా ఎలా గంతులేసిందో చెబుతోంది. ఆ మిషను కథ అయ్యేసరికి కాగితాలూ అయిపోయాయి. అందరికీ నక్షత్రం. "చాలా బాగుంది" అన్న ముద్ర అందరికీ. ఒక్కటి కూడా చదవలేదు. చదవకపోతే ఏం, పిల్లలు తెలిసినవాళ్ళే కదా!

ఆ కాగితాల్లో ఒకటి చప్పుడుది.

చప్పుడు అంటే మూడో బెంచీలో గోడవార కూర్చునే పిల్ల. నోరు విప్పదు. హాజరు పిలిస్తే చెయ్యెత్తుతుంది, ప్రశ్న అడిగితే తల దించుకుంటుంది, పాఠం చదవమంటే పుస్తకం పట్టుకుని పెదాలు బిగించి నిలబడుతుంది. అలాంటి పిల్లకు ఆ పేరేమిటంటే, బడి తెరిచిన మొదటిరోజు సంగతి అది. టీచరు హాజరు పిలుస్తుంటే ఈ పిల్ల "ఉన్నానండీ!" అంది. అనడం కాదు, కేక వేసింది. వాళ్ళమ్మ బస్సు కండక్టరు. ఆ గొంతే బిడ్డకూ వచ్చింది. కిటికీ మీది పావురాలు లేచిపోయాయి. తరగతి తరగతంతా విరగబడి నవ్వింది. టీచరు కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. ఆనాటి నుంచి పిల్లలకు ఆమె చప్పుడు. ఆనాటి నుంచి ఆ పిల్ల నోట చప్పుడు లేదు. నవ్విన సంగతి టీచరు అప్పుడే మర్చిపోయింది.

పెద్దమేడంగారు మర్చిపోయే మనిషి కారు గానీ, ఆవిడకు గుర్తుండేవి మార్కులు. చప్పుడుకు చదివే పరీక్షలో సున్నా. "ఏడాది మధ్యలోనైనా సరే, దాన్ని రెండో తరగతిలో కూర్చోబెడదాం" అన్నారావిడ. "నోరు తెరవని పిల్లకు చదవడం వచ్చో రాదో ఎవరు చెబుతారు? చూసి దింపుతోందేమో!"

"లేదండీ, తెలివైన పిల్లే" అంది టీచరు. ఎందుకంటే తన పిల్లలందరూ తెలివైనవాళ్ళే అని ఆవిడ ఎప్పుడూ అంటుంది.

"అయితే మంచిదే. ఈసారి సొంత మాటలు కదా. శుక్రవారం తల్లిదండ్రులు వస్తారు. వాన గోడ మీద అది ఏం రాసిందో చదివి, వాళ్ళమ్మ ముందే తేల్చేస్తాను."

మంగళవారం, చదివే గంటలో, నిజం వానే వచ్చింది. మూడో తరగతికి రేకుల కప్పు. వాన పడిందంటే లోపల మనిషి గొంతు మనిషికి అందదు. "ఇంకేం చదువుతారు, పుస్తకాలు మూసెయ్యండి" అని టీచరు సైగ చేసింది. అందరూ మూసేశారు. చప్పుడు మాత్రం ఎవరూ పిలవకుండానే పుస్తకం పట్టుకుని లేచి నిలబడింది. టీచరు చేత్తో కూర్చోమంది. కూర్చుంది. అంతే, అందులో గుర్తుపెట్టుకోవడానికి ఏముంది?

బుధవారం గోడ కట్టారు. ఏ గోడకు కట్టాలన్నది కూడా పెద్దమేడంగారే నిర్ణయించారు. గదిలో వెనక గోడ కప్పు దగ్గరనుంచి చెమ్మ దిగి నల్లబడిపోయింది. "తల్లిదండ్రులు చూస్తే బాగుండదు. ఈసారి వాన గోడ దానిమీదే" అన్నారు. వాన చేసిన మచ్చను వాన బొమ్మలతో కప్పెయ్యడమనే ఆలోచన రావాలంటే చాలా ఏళ్ళు పెద్దమేడంగా చేసి ఉండాలి. దూది మబ్బులు అతికించారు, చినుకులు వేలాడదీశారు, గొడుగు బొమ్మ కింద ఒక్కొక్కరి కాగితం పెట్టారు. మచ్చ కనబడలేదు. అందరూ సంతోషించారు.

గురువారం సాయంత్రం నుంచి మళ్ళీ వాన పట్టుకుంది.

శుక్రవారం పొద్దున టీచరు గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ఆయమ్మ చీపురు పట్టుకుని నడుం మీద చెయ్యేసుకుని నిలబడి ఉంది.

"వాన గోడ మీద వాన పడిందమ్మా" అంది.

గోడ మీద ఏమీ లేదు. ఉన్నదంతా నేల మీద ముద్దగా పడి ఉంది. గోడ వెనకనుంచి నీళ్ళు ఊరి, కాగితాలు నాని, నీలం రంగు కరిగి, దూది పీల్చుకుని, అన్నీ కలిసి అంబలిలా తయారయ్యాయి. ఎవరిది ఏ కాగితమో దేవుడికి కూడా తెలియదు. ఒక్క నక్షత్రాలే చెక్కుచెదరలేదు. ఆ ముద్దలో అక్కడక్కడా తళతళ మెరుస్తున్నాయి. మచ్చ మాత్రం మునుపటికంటే పెద్దదై, హాయిగా గోడంతా పరుచుకుంది.

టీచరు పెద్దమేడంగారి దగ్గరికి పరుగెత్తింది.

"పిల్లలతో మళ్ళీ రాయిస్తానండీ. ఒక గంట ఇప్పించండి."

"పిల్లలు సాయంత్రం దాకా హాల్లో వాన పాట ప్రాక్టీసు చేస్తున్నారు. పాట ఆపేదెలా? నాలుగింటికి తల్లిదండ్రులు వస్తారు. నాలుగింటికి గోడ నిండుగా ఉండాలి."

"పిల్లలు లేకుండా పిల్లల గోడ ఎలాగండీ?"

"ఇన్నేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళు మీరే అలా అడిగితే ఎలా టీచర్?" అని పెద్దమేడంగారు చల్లగా నవ్వారు.

ఆ నవ్వులో ఉత్తర్వంతా ఉంది. టీచరు గదికి వచ్చి తలుపు వేసుకుంది. ఆయమ్మ గోడ తుడిచి, మచ్చ మీద ప్లాస్టిక్ పట్టా కొట్టింది. టీచరు పిల్లల బెంచీలో మోకాళ్ళు గడ్డానికి తగిలేలా ఇరుక్కుని కూర్చుని, పెన్సిలు ఎడం చేతిలోకి తీసుకుంది.

కుడిచేతి రాతైతే దొరికిపోతుంది. దొంగపని కదా. బంతి పిచ్చివాడితో మొదలుపెట్టింది. వాడు ఏ విషయమిచ్చినా బంతి దగ్గరికి లాక్కొచ్చేస్తాడు. "వాన పడితే బంతి తడుస్తుంది. తడిసిన బంతి బరువు. బరువు బంతి కిటికీకి తగిలితే అద్దం పగులుతుంది. అది నేను కాదు." రాసి చూసుకుని ఆవిడే కిసుక్కున నవ్వింది. అచ్చం వాడే! తరవాత నాయనమ్మ పిల్ల. ఆ పిల్ల ప్రపంచమంతా నాయనమ్మ చుట్టూ తిరుగుతుంది. "వాన పడితే మా నాయనమ్మకి మోకాలు ముందే చెబుతుంది. టీవీలో వాళ్ళకి మోకాలు లేదు." తరవాత వరసలో, ఒత్తులన్నీ మింగేసేవాడు, ప్రతి వాక్యం చివరా ఆశ్చర్యార్థకం పెట్టే పిల్ల, అబద్ధం లేకుండా రెండు మాటలు రాయలేనివాడు. వాడికి మొసలిని పెట్టింది, వీధి కాలవలో.

రాస్తున్నకొద్దీ ఆవిడకు ఊపు వచ్చింది. పెళ్ళికాక ముందు వారపత్రికలకు కథలు పంపేది. అన్నీ తిరిగొచ్చేవి. "సహజత్వం లోపించింది" అని ఒక సంపాదకుడు పాపం ఓపిగ్గా రాశాడు కూడా. ఆయన ఇప్పుడు వచ్చి చూడాలి! సహజత్వం పొంగి పొర్లుతోంది. నేను చెప్పలా, నా పిల్లలు నాకు తెలుసని, అనుకుంది. భోజనం కూడా గుర్తురాలేదు. హాల్లోంచి పాట వస్తుంటే కాలితో తాళం వేస్తూ రాసింది. కాగితం మీద కాగితం అయిపోయింది, గోడ నిండింది, ముద్దలోంచి ఏరి కడిగిన నక్షత్రాలు మళ్ళీ ఒక్కొక్కదానికి అంటుకున్నాయి.

ఒక్కటే మిగిలింది. చప్పుడుది.

పెన్సిలు పట్టుకుని కూర్చుంది. ఏమీ రాలేదు. ఆ పిల్ల గురించి తనకేం తెలుసు? అక్షరాలు చిన్నవిగా ఎడమ అంచుకు ఒదిగి ఉంటాయని తెలుసు. సంచి జిప్పు పోతే పిన్నీసు పెట్టుకుంటుందని తెలుసు. వాళ్ళమ్మ కండక్టరని తెలుసు. ఆ తరవాత? దేనికి నవ్వుతుంది? దేనికి భయపడుతుంది? బంతా, నాయనమ్మా, మొసలా? ఎంత తడుముకున్నా చేతికి ఏమీ తగల్లేదు. మిగతావాళ్ళ కాగితాలు సరదా. ఈ కాగితం చదివే పెద్దమేడంగారు ఆ పిల్లను ఇక్కడ ఉంచాలో, చిన్నపిల్లల మధ్య కూర్చోబెట్టాలో తేలుస్తారు. తేలికగా రాస్తే పిల్ల దిగిపోతుంది. గొప్పగా రాస్తే తన రాత మీద నిలబడుతుంది, రేపు మళ్ళీ కూలుతుంది.

అయినా ఒకటి రాసింది. "వాన ఆకాశం రాసే ఉత్తరం" అని మొదలుపెట్టింది. నాలుగు వాక్యాలయ్యాక చదువుకుంటే, అది పిల్లది కాదు. వారపత్రిక తిప్పి పంపిన తన పాత కథలోది. చించేసింది. రెండోది రాద్దామని పెన్సిలు పెడితే చెయ్యి దానంతటదే "వాన అంటే నాకు చాలా ఇష్టం. వాన వల్ల పంటలు" అని పోయింది. అదీ చించేసి, లేచి హాలుకు వెళ్ళింది.

హాల్లో పిల్లలంతా గొంతులు చించుకుంటున్నారు. చప్పుడు చివరి వరసలో నిలబడి పెదాలు ఆడిస్తోంది. టీచరు పక్కకు పిలిచి, వంగి, చెవి దగ్గర అడిగింది.

"నువ్వు వాన గురించి ఏం రాశావు తల్లీ?"

ఆ పిల్ల కళ్ళెత్తి చూసింది. చుట్టూ పాట హోరెత్తుతోంది.

"మీరు చదివారు కదా టీచర్" అంది. అంది! టీచరు చెవిలో ఆ గొంతు ఖంగుమంది. అంత దగ్గరగా ఎప్పుడూ వినలేదు.

"చదివాను... చదివానమ్మా. నీ నోటితో మళ్ళీ వినాలని."

"నక్షత్రం పెట్టారు."

"అవును మరి. బాగుంది కాబట్టే పెట్టాను."

చప్పుడు ఇంకొక్క క్షణం చూసింది. తల ఊపి, వెళ్ళి చివరి వరసలో నిలబడి మళ్ళీ పెదాలు ఆడించింది.

టీచరు సిగ్గుతో గదికి వచ్చింది. పిల్ల ముందు పచ్చి అబద్ధం ఆడింది, పిల్ల దాన్ని నమ్మింది కూడా. ఇక ఆ పిల్ల పేరుతో మరో అబద్ధం రాయడానికి మనసు ఒప్పలేదు. గొడుగు బొమ్మ కింద ఖాళీ కాగితం అంటించింది. పొట్లం చేతిలోనే ఉంది. అలవాటు కొద్దీ దానికీ ఒక నక్షత్రం పెట్టేసింది.

నాలుగింటికి తల్లిదండ్రులు వచ్చారు. హాల్లో పాట విని, చప్పట్లు కొట్టి, గదుల్లోకి వచ్చారు. మూడో తరగతి గోడ ముందు సందడే సందడి.

"చూడండి, మావాడి మాటే! అక్షరం పొల్లుపోలేదు. 'అది నేను కాదు' అట! ఇంట్లోనూ ఇదే వరస" అని బంతి పిచ్చివాడి తండ్రి కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. నాయనమ్మ పిల్ల వాళ్ళమ్మ ఫోటో తీసి అప్పుడే అత్తగారికి పంపించింది. పిల్లల సంగతి చెప్పనే అక్కర్లేదు. తాము రాయని రాతలు చదువుకుని, "నేనే రాశా, నేనే రాశా" అని గెంతుతున్నారు. తాను మొసలి గురించి ఎప్పుడు రాశాడా అని ఒకడు కాసేపు బుర్ర గోక్కున్నాడు గానీ, చుట్టూ చేరిన జనాన్ని చూసి, ఆ మొసలి ఎంత పొడుగో చెప్పడం మొదలుపెట్టాడు.

కండక్టరమ్మ డ్యూటీ దిగి సరాసరి వచ్చినట్టుంది, యూనిఫారం చీరలోనే ఉంది. కూతురి చెయ్యి పట్టుకుని గోడంతా వెతుక్కుంటూ ఖాళీ కాగితం దగ్గర ఆగింది. అదే సమయానికి పెద్దమేడంగారూ అక్కడికి వచ్చారు.

"ఇదేమిటి? ఖాళీ కాగితం! దానికి నక్షత్రం కూడానా?"

టీచరు చేతిలోని నక్షత్రాల పొట్లం వెనక్కి దాచుకుంది.

"చూశారామ్మా" అన్నారు పెద్దమేడంగారు కండక్టరమ్మతో, గొంతు తగ్గించినట్టే తగ్గించి అందరికీ వినబడేలా. "మీ అమ్మాయి నోరు విప్పదు, చదవదు, ఆఖరికి సొంతంగా ఒక్క ముక్క రాయలేదు. సోమవారం నుంచి రెండో తరగతిలో కూర్చోబెడతాం. తన మంచికే."

కండక్టరమ్మ ముఖం మాడిపోయింది. కూతురి వంక చూసింది. కూతురు టీచరు వంక చూసింది.

"తను రాసిందండీ" అంది టీచరు. "రాత్రి వానకు అన్నీ కరిగిపోయాయి. ఈ గోడ మీద ఉన్నవన్నీ నేను రాసినవి. ప్రతి ఒక్కటీ. ఎడం చేత్తో రాశాను. తనది రాయలేకపోయాను, ఎందుకంటే తను ఏం రాసిందో నాకు తెలియదు. చదవకుండానే నక్షత్రం అంటించాను."

బంతి పిచ్చివాడి తండ్రి నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు. ఇక ఉద్యోగం ఊడినట్టే అనుకుంది టీచరు. పెద్దమేడంగారు మాత్రం ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కకు లాగి, విసుగ్గా గుసగుసలాడారు.

"ఎంత పని చేశారండీ! అంతమందివి రాశారు, ఒక్కదానికి చెయ్యి రాలేదా?"

టీచరు ఏదో అనబోయింది. అంతలో రేకుల మీద పిడికెడు గులకరాళ్ళు పోసినట్టయింది. ఆ వెనకే వాన దబదబా దిగింది. పెద్దమేడంగారి పెదాలు కదులుతూనే ఉన్నాయి గానీ ఒక్క మాటా వినబడటం లేదు. ఆవిడ మాట వినబడకపోవడం ఆ బడిలో అదే మొదటిసారి. జనం కప్పు వంక చూశారు.

చప్పుడు తల్లి చెయ్యి వదిలేసి వచ్చి టీచరు ఎదురుగా నిలబడింది. పెదాలు తెరుచుకున్నాయి. టీచరు మోకాళ్ళ మీద కూర్చుని చెవి దగ్గరగా పెట్టింది. ఆ పిల్ల గట్టిగా, తడబడకుండా, తను రాసింది చెబుతోంది.

పెద్దమేడంగారు చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఏమీ వినబడటం లేదని తల అడ్డంగా ఆడించారు. పెదాలు ఆడించడం ఈ పిల్లకు ఎప్పుడూ ఉన్నదేగా అన్నట్టు చూశారు.

అప్పుడు కండక్టరమ్మ ముందుకొచ్చింది. వచ్చి ఒక్క క్షణం తటపటాయించింది. ఆ తటపటాయింపు ఎందుకో టీచరుకు తరవాత గానీ అర్థం కాలేదు. గుండె నిండా గాలి పీల్చుకుని, కూతురి మాటల్ని ఒక్కొక్కటే, స్టాపులు పిలిచినట్టు, వానను దాటించి గదంతా వినిపించింది.

"వాన అంటే నాకు ఇష్టం!"

జనం ఇటు తిరిగారు.

"వాన పడితే మా ఇంటి రేకులు మోగుతాయి! అప్పుడు నేను మాట్లాడతాను! గట్టిగా మాట్లాడతాను! ఎవరికీ వినబడదు! అందుకని ఎవరూ నవ్వరు!"

టీచరుకు చెంప మీద కొట్టినట్టయింది. "ఉన్నానండీ!" అన్న కేకా, లేచిపోయిన పావురాలూ, తన నవ్వూ, అన్నీ ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి.

"టీచర్, నాకు చదవడం వచ్చు! బడిలో వాన పడినప్పుడు నన్ను లేపండి! అప్పుడు చదువుతాను!"

ఇంకొక వాక్యం ఉంది. అది కూడా తల్లికి వినబడింది, ముఖం చూస్తే తెలుస్తోంది. కానీ ఆమె దాన్ని మాత్రం పైకి అనలేదు. అది వాన చప్పుడులో, తల్లి కాక, టీచరు ఒక్కతే చెవి దగ్గర విన్నది. "ఇది మీకే రాశాను, గోడకి పెట్టకండి."

వాన తగ్గింది. ముందు నాయనమ్మ పిల్ల వాళ్ళమ్మ చప్పట్లు కొట్టింది, తరవాత బంతి పిచ్చివాడి తండ్రి, ఆ తరవాత అందరూ. దొంగ గోడకు పడిన చప్పట్ల కంటే ఇవి తక్కువే గానీ, చాలాసేపు ఉన్నాయి. చప్పుడు మాత్రం వాటిని పట్టించుకోలేదు. తల్లి వంక కళ్ళార్పకుండా చూస్తోంది.

"అమ్మా, నీకు వినబడిందా?"

"వెనక సీట్లో గొణిగేవాళ్ళ స్టాపులు ఇంజను మోతలో వినే చెవులే ఇవి" అంది కండక్టరమ్మ. ఇందాకటి గొంతు లేదు. దొంగతనం బయటపడ్డదానిలా చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"ఇంట్లో కూడానా?"

"ఇంట్లో కూడానే తల్లీ. అన్నీ వింటాను. విన్నానని తెలిస్తే మానేస్తావని అటు తిరిగి గిన్నెలు తోముతుంటాను."

ఇన్నాళ్ళూ దాచుకున్న ఆ ఒక్క సుఖాన్నీ ఆ తల్లి ఇవాళ కూతురి బెంచీ కోసం వదులుకుంది. టీచరుకు కళ్ళు నిండాయి. నక్షత్రాలు పంచినది తాను, విన్నది ఆమె.

పెద్దమేడంగారు చప్పట్లు కొట్టే జనం వంక చూశారు, ఫోన్లు పట్టుకున్న చేతుల వంక చూశారు, గొంతు సవరించుకున్నారు.

"మా బడిలో పిల్లల సృజనకు ఎప్పుడూ పెద్దపీటే. అమ్మాయి మూడో తరగతిలోనే ఉంటుంది." టీచరు చెవిలో మాత్రం, "ఆ ఖాళీ కాగితం తీసెయ్యండి, ఫోటోల్లో పడితే అసహ్యంగా ఉంటుంది. మిగతావి బాగున్నాయి, ఉండనివ్వండి" అన్నారు. అని, నాలుగో తరగతి గోడ చూడటానికి వెళ్ళిపోయారు.

జనం పలచబడ్డారు. తమ పిల్లలవి కావని తెలిసినా ఆ కాగితాలను చాలామంది అడిగి మరీ పట్టుకెళ్ళారు. టీచరు ఖాళీ కాగితం ఊడదీసి, నక్షత్రం గోటితో గీకేసి, చప్పుడు దగ్గరికి వచ్చింది. తల్లి గుమ్మం బయట చెప్పులు వెతుక్కుంటోంది.

"హాల్లో నీకు అబద్ధం చెప్పానమ్మా" అంది టీచరు. "నీ కాగితం నేను చదవలేదు."

"తెలుసు టీచర్."

"హాల్లో తెలిసిందా?"

చప్పుడు తల అడ్డంగా ఊపింది. పిన్నీసు పెట్టిన సంచి భుజానికి తగిలించుకుంది. వాన పూర్తిగా ఆగిపోయి ఉంది. ఆ పిల్ల అన్న మాట గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ వినబడింది. ఎవరూ నవ్వలేదు.

"మంగళవారం వాన పడింది కదా."